సంతకు వెళ్లని మేకలు

కోవిడ్ తగ్గి అరకుకు టూరిస్టులు మళ్లీ పోటెత్తిన ఏడాది, నేను డుంబ్రిగుడ దగ్గర పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. మేకమాంసం ధర చుక్కలనంటింది. తినేవాళ్లు పెరిగారు. వ్యాపారులేమో చూడి మేకల్ని కూడా వదలకుండా కొనేస్తుంటే మందలు తరిగిపోయాయి. మేకలు పెరిగితే ధర దిగుతుందని ప్రభుత్వం సబ్సిడీ మీద మైదానం మేకల్ని లారీలో పంపింది. ఆలోచన మంచిదే. వచ్చినవాటిని వచ్చినట్టే పంచేసే తొందరే నాకు నచ్చలేదు.

కొత్తగా వచ్చిన జీవాల్ని కొన్నాళ్లు విడిగా ఉంచాలి. దీన్నే క్వారంటైన్ అంటాం. లోపల రోగముంటే ఈలోగా బయటపడుతుంది. పంచేటప్పుడే ఈ మాట అందరికీ చెప్పాను. కొద్దిరోజులకే బుద్రి అనే గిరిజన రైతు కబురు పెట్టింది. వెళ్లేసరికి ఆమెకిచ్చిన మేకలకు ముక్కు కారుతోంది, పారుకుంటున్నాయి, ఒళ్లు కాలిపోతోంది. చూడగానే పీపీఆర్ అనిపించింది. మేకలకూ గొర్రెలకూ వచ్చే అంటురోగం అది, ఊళ్లలో పారుడు రోగం అంటారు. ఆమె సొంత మేకలు కూడా వాటితోపాటే ఒకే మేకల సాలలో ఉన్నాయి.

“విడిగా కట్టమన్నాను కదా బుద్రక్కా?”

“బైట కడితే పులి ఒగ్గేత్తాదేటి? నాకున్నది ఒకటే సాల డాక్టరమ్మా.”

శాంపిల్ ల్యాబుకు పంపాను. రిపోర్టు వస్తేగానీ సంత ఆపే ఉత్తర్వు రాదు, సంత చూస్తే మర్నాడే. అప్పటికే బేరగాడొకడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ధర అంత మండుతుంటే జబ్బు మేకకూ గిరాకీయే. అన్నీ కలిపి తోలుకుపోతానంటున్నాడు. ఈ రోగం సంతలో కలిస్తే ఎన్ని ఊళ్లకు పాకుతుందో! నేను బుద్రి వైపు తిరిగాను.

“వాటిని అమ్మొద్దు అక్కా.”

“అమ్మకపోతే సత్తాయి. సత్తే నువ్విత్తావా డబ్బులు?”

“ఇవ్వలేను,” అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “కానీ సంతకెళ్తే అందరి మేకలకూ అంటుకుంటుంది.”

ఆమెకు పెళ్లయిన కూతురు గుర్తొచ్చినట్టుంది.

“మా గుంట అత్తోరు కూడా ఆ సంతకే వొత్తారు, మేకల్ని తోలుకుని,” అంది. తర్వాత బేరగాణ్ణి వెళ్లిపొమ్మంది.

ఆ వారమంతా చుట్టుపక్కల ఊళ్లలో టీకాలు వేస్తూ, ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. ఏ ఊరి నుంచీ చెడ్డ కబురు రాలేదు. రిపోర్టు మాత్రం పీపీఆర్ అనే వచ్చింది. అది వచ్చేసరికి మేకలన్నీ ఒక్కొక్కటే చచ్చి బుద్రి సాల ఖాళీ అయిపోయింది.

బీమా డబ్బు రావాలంటే మేక చెవికి ఇయర్ ట్యాగ్, అంటే నంబరున్న బిళ్ల, ఉండాలి. ప్రభుత్వమిచ్చిన మేకలకు ఉంది. ఆమె పెంచుకున్నవాటికి లేదు. పై ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా పని కాలేదు. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే బుద్రి కోప్పడలేదు.

“రోగం తెచ్చినోటికి డబ్బులిచ్చి, రోగం తగిలినోటికి ఇవ్వరేటమ్మా?” అంది.

మాంసం ధర దించడానికి వచ్చిన పథకంలో ఆ ఇంటి మంద మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు మేకల లారీ వస్తోందంటే ముందు ఊరి మేకలకు టీకా, ట్యాగు వేయించి, విడిగా సాల కట్టించాకే దించనిస్తాను. ఆలస్యమెందుకని పైనుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. బుద్రి అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. వాళ్లకు చెప్పడం నాకేం కష్టం కాదు.