సున్నా అనుకున్న ఐదు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఆ రోజుల్లో నేను చింతామణిలో ఒక అప్పులిచ్చే సొసైటీలో గుమాస్తాగా కొత్తగా చేరాను. బి.కాం.లో ఫస్ట్ క్లాసు (నిజానికి అర శాతం తగ్గింది, కానీ మా బాగేపల్లిలో ఎవరూ మార్కుల కార్డు అడిగి చూడలేదు). అప్పు కోసం వచ్చినవాళ్ల అర్జీ తీసుకోవడం, కంప్యూటర్లో వాళ్ల నంబరు కొట్టి పాత అప్పులు ఎలా తీర్చారో చూడడం, ఆ కాగితం మేనేజరు ముందు పెట్టడం నా పని. ఆ పాత అప్పుల కథను ఆఫీసులో అందరం హిస్టరీ అనేవాళ్లం. ఎదురుగా మీసం దువ్వుకుంటూ కూర్చున్న పెద్దమనిషి ట్రాక్టరు అప్పుకు కట్టని నెలవారీ కంతులన్నీ నా తెరమీద కనబడుతుంటే, చిత్రగుప్తుడికి చింతామణి బ్రాంచి నేనే అనిపించేది.

మా మేనేజరును వెనకాల రూల్‌సార్ అనేవాళ్లం. మంచి మనిషే. కాకపోతే ఏ అర్జీ చేతికొచ్చినా అందులో ఉన్నదేమిటో చూసేముందు లేనిదేమిటో చూసేవాడు. ఒక సోమవారం ఆయన ముందుకు బట్లహళ్ళి వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి, భుజాన పెద్ద సంచి. పదకొండేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేసి వచ్చిందట. ఆ ఇంటి మగవాళ్లు వేసుకునే, మడమల దాకా వచ్చే తెల్లంగీలను ఇస్త్రీ చేయడమే అక్కడ ఆమె పని. చింతామణి బస్టాండు దగ్గర ఒక గది చూసుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. ఆవిరితో నడిచే పెద్ద ఇస్త్రీ మిషనుకు రెండు లక్షలు కావాలి. ("రైతుల ఇంటి ఆడదానికి ఇస్త్రీ అంగడి ఏంటికి అని మా మరిది అడిగె. నువ్వు తెల్లచొక్కా ఏసుకునేది మానుకుంటివంటే నేనూ మానుకుంటా అంటి" అని ఆమె మాకు అడగకుండానే చెప్పింది.) ఆఫీసులో ఆమెకు ఆ రోజే కువైట్ అక్క అని పేరు పడిపోయింది.

నేను నంబరు కొట్టాను. తెరమీద ఏమీ రాలేదు. అప్పు ఎగ్గొట్టినట్టూ లేదు, తీర్చినట్టూ లేదు. మన దేశంలో పదకొండేళ్లుగా ఆ మనిషే లేనట్టుంది.

"హిస్టరీ లేదమ్మా. లేని మనిషికి సొసైటీ దుడ్డు ఎట్ల ఇచ్చేది?" అన్నాడు రూల్‌సార్.

"అప్పు చేయకుండా ఉండేది తప్పా సార్?"

"తప్పని కాదు. తీర్చే మనిషివని మాకు ఎట్ల తెలస్తాది?"

కువైట్ అక్క భుజాన ఉన్న సంచి దించింది. "నాకు హిస్టరీ ఉండాది సార్. ఆ దేశంలో ఉండాది" అని సంచిలోంచి రిబ్బనుతో కట్టిన మూడు లావాటి నోటుబుక్కులు తీసి బల్లమీద పెట్టింది. అక్కడ వాళ్ల వీధి చివర ఈజిప్టు ముసలాయన ఒకాయనకు చిల్లర అంగడి ఉండేదట. నెలంతా ఆయన దగ్గర అప్పుకు సామాను తీసుకోవడం, జీతం రాగానే కట్టడం, ఆయన ప్రతిసారీ ఆ పుస్తకంలో రాసి కింద సంతకం చేయడం. పదకొండేళ్లు అలా జరిగింది. రూల్‌సార్ పుస్తకాన్ని మన పద్ధతిలో తెరిచాడు, అది చివరి పేజీ. తిప్పి తెరిచాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. ఆఖరికి, "అరబ్బీ తెలిసినోళ్ల దగ్గర చదివించి, ఇంగ్లీషులో రాయించి, సహి చేయించుకుని రండి, చూస్తాం" అన్నాడు. మా ఆఫీసు భాషలో ఆ మాటకు అర్థం, మళ్లీ రావద్దని. కానీ ఆమెకు ఆ భాష రాదు. పుస్తకాలను రూల్‌సార్ చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు సదువుకున్నోడివి కదప్పా, నువ్వే చదివించి పెట్టు. జాగ్రత్త. నా పదకొండేండ్లు దీంట్లోనే ఉండాయి" అంది.

చదువుకున్నవాడివి అంటే చాలు, ఆ వయసులో నేను బావిలోకైనా దూకేవాడిని. పుస్తకాలు రూముకు తీసుకుపోయి ముందర వేసుకున్నాను. అక్షరాలు రావు, సరే. లెక్క ఏ భాషలోనైనా లెక్కే కదా. ప్రతి నెలా చివర ఒక గీత, గీత కింద ముసలాయన సంతకం, సంతకం పక్కన గుండ్రంగా ఒక అంకె. పేజీ తర్వాత పేజీ తిప్పాను. ఏ నెల చూసినా ఆ గుండ్రమే. గుండ్రంగా ఉన్నది ప్రపంచంలో ఎక్కడైనా సున్నాయే. (మధ్యమధ్య చుక్కలు కూడా కనిపించాయి. ముసలాయన పెన్ను సిరా కక్కిందనుకున్నాను.) అంటే పదకొండేళ్లలో ఒక్క నెల కూడా బాకీ లేదు. నాకు ఒళ్లు పులకరించింది. మర్నాడే ఇంగ్లీషులో పేజీన్నర రిపోర్టు కొట్టాను. పైన పెద్ద అక్షరాలతో 'ఇంటర్నేషనల్ క్రెడిట్ రిపోర్ట్' అని పెట్టి, కింద నా పేరు, పేరు కింద బి.కాం. అని కూడా కొట్టాను.

"నీకు అరబ్బీ వస్తాదా?" అని అడిగాడు రూల్‌సార్.

"అంకెలే కదా సార్. చివర సున్నా ఉందా లేదా, అదే కదా మనకు కావలసింది."

నెలాఖరు హడావుడిలో ఉన్నాడేమో, ఆయన నన్ను రెండు క్షణాలు చూసి సంతకం పెట్టేశాడు. రిపోర్టు చిక్కబళ్ళాపురంలోని మా హెడ్డాఫీసుకు పోయింది. వారం తిరక్కుండా అక్కడి పెద్దసారు దగ్గర నుంచి ఫోను. రిపోర్టు చాలా బాగుందట, ఇలాంటిది ఆయన సర్వీసులో చూడలేదట, శుక్రవారం కమిటీ ముందు పెడతారట. అరబ్బీ తెలిసిన ఒకరి చేత చదివించిన కాగితం కూడా జత చేస్తే చాలట. ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదు.

చింతామణిలో పిల్లలకు అరబ్బీ చెప్పే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఊళ్లో అందరూ హజరత్ అనేవాళ్లు. బుధవారం ఆయన దగ్గరికి పోయాను. అరబ్బీ రాత కదా, మర్యాదగా ఉంటుందని పుస్తకాలను కొత్త టవల్లో చుట్టుకుని పోయాను. ఆ టవలు చూసి పవిత్ర గ్రంథమనుకున్నాడేమో, ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. అద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ తెరిచి, గొంతు సవరించుకున్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పాఠం చదువుతున్న పిల్లలు కూడా నిశ్శబ్దమైపోయారు. హజరత్ చాలాసేపు ఆ పేజీని చూసి, మెల్లగా అన్నాడు.

"టెలిఫోను కార్డు, రెండు. బట్టల సబ్బు, ఒకటి. ఉల్లిగడ్డలు."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన పేజీ తిప్పాడు. "టెలిఫోను కార్డు. టెలిఫోను కార్డు. తలనొప్పి మందు. టెలిఫోను కార్డు." ఇంకో పేజీ తిప్పి నా వైపు చూశాడు. "ఎవరిదప్పా ఇది? ఈ యమ్మ తిన్నదానికంటే మాట్లాడిందే ఎక్కువ ఉండాదే."

చదువుకునే కూతురిని ఊళ్లో వదిలి పోయానని అర్జీ ఇచ్చేటప్పుడు కువైట్ అక్క చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. కానీ నాకు కావలసింది అది కాదు. "హజరత్, ఆ సామాన్లు పోనీండి. నెల చివర్న సున్నా ఉండాది కదా, ఆ సున్నా ఉండాదని రాసిస్తే చాలు" అన్నాను.

"సున్నా యాడుండాది?"

వేలు పెట్టి చూపించాను.

"ఇది సున్నా కాదప్పా. అరబ్బీలో ఐదు ఇట్లే గుండ్రంగా ఉంటాది. సున్నా అంటే చుక్క" అన్నాడు, చిన్న పిల్లలకు చెప్పేంత నెమ్మదిగా.

సున్నా కాదు, ఐదు. ప్రతి నెలా ఐదు దీనార్లు బాకీ. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పూర్తిగా తీర్చని మనిషి అని పుస్తకం చెబుతుంటే, ఒక్కసారి కూడా బాకీ పడలేదని నేను పేజీన్నర రాశాను. దాని కింద రూల్‌సార్ సంతకం ఉంది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అటు కువైట్ అక్క గదికి అడ్వాన్సు ఇచ్చి కూర్చుని ఉంది. కూర్చోవడానికి చోటు వెతుక్కుని పిల్లల పక్కనే చాప మీద కూలబడ్డాను.

"తొందరపడద్దు. పక్కన మాట చదవనీ" అన్నాడు హజరత్. పుస్తకాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇది నేను చదువుకున్న అరబ్బీ కాదప్పా, అంగడి అరబ్బీ. కానీ ఈ మాట తెలస్తాది. ఈమె మీద ఐదు అని రాయలేదు. ఈమెకు ఐదు అని రాసినాడు. అంటే అంగడాయనే ఈమెకు ఇయ్యాల."

మూడు పుస్తకాలూ అలాగే ఉన్నాయి. ప్రతి నెలా ఆమె బాకీ మొత్తం కట్టి, మొదట్లో పైన ఇచ్చిన ఐదు దీనార్లను కదిలించకుండా ఆయన దగ్గరే ఉంచింది. హజరత్ అదంతా ఉర్దూ కలిసిన ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి, డబ్బులు వద్దన్నాడు. టవలు మాత్రం బాగుందన్నాడు. ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున కువైట్ అక్కను ఆఫీసుకు పిలిపించాను. "ఆ ఐదు దీనార్లు ఏంటికక్కా?" అని అడిగితే ఆమె ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ చెప్పింది. "మొదటి ఏడాది మా మేడమ్‌కు కోపం జాస్తి. ఎప్పుడు బయటికి పొమ్మంటాదో తెలీదు. పొమ్మనిందంటే ఎంబసీ దాకా టాక్సీకి ఉండాల కదా. ఇంట్లో పెట్టుకుంటే వాళ్లు చూస్తారు. అందుకని ఆయప్ప దగ్గర పెడితి. తర్వాత మేడమ్ మంచిదైపాయె. కానీ అలవాటు పోలేదు."

"మరి నాకు ముందే ఏంటికి చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదప్పా. నువ్వే సదివేస్తివి."

రూల్‌సార్ ఈ సంభాషణంతా తన గదిలోంచి విన్నాడు. నన్ను పిలిచి తిడతాడనుకున్నాను. హజరత్ రాసిన కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, "చివరి పేజీలో ఏముండాదో చూస్తివా?" అని మాత్రం అడిగాడు. ఆమె ఊరికి వచ్చేసే నెలలో ఆ ఐదు దీనార్లు ఏమయ్యాయని చూస్తే, ఆమె చెప్పగా పక్కింట్లోకి పనికి కొత్తగా వచ్చిన పిల్ల పేరుకు మార్చినట్టు అంగడి ముసలాయన రాశాడని అందులో ఉంది. రూల్‌సార్ అద్దాలు తీసి తుడుచుకుని, "రేపు ముగ్గురం పోదాం" అన్నాడు.

శుక్రవారం చిక్కబళ్ళాపురం బస్సులో నేను ఏం మాట్లాడాలో పన్నెండుసార్లు అనుకున్నాను. కమిటీ ముందు నిలబడేసరికి అందులో ఒక్క వాక్యమూ మిగల్లేదు. పెద్దసారు నా రిపోర్టు చేతిలో పట్టుకుని నవ్వుతూ ఉన్నాడు. "సార్, అది తప్పు. సున్నా కాదు, ఐదు. నాకు అరబ్బీ రాదు. తప్పు నాది, ఈ అక్కది కాదు" అని ఒక్క ఊపిరిలో చెప్పేసి హజరత్ కాగితం ఇచ్చాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం నలుగురి చేతులూ తిరిగింది.

చివరికి పెద్దసారే అన్నాడు, "మన సొసైటీ పెట్టి ఇన్నేండ్లాయె. మనకు ముందుగా ఐదు రూపాయలు పెట్టి పోయినోడు ఒకడన్నా ఉండాడా?" కాగితం బల్లమీద పెట్టాడు. "అప్పు ఇద్దాం. కానీ మన లెక్కకు ఒక జామీను కావాల. ఎవరు పెడతారు?"

"నేను సార్" అన్నాను.

"ఈయన నంబరు కొట్టండి" అన్నాడు పెద్దసారు. అక్కడి గుమాస్తా కొట్టాడు. ఆ ఏడాదే నేను కంతుల మీద కొన్న ఫోను, దానికి కట్టకుండా వదిలేసిన మూడు కంతులు, కమిటీ అందరికీ వినబడేలా చదివి వినిపించాడు. (మూడోది నిజంగా మరిచిపోయాను. మొదటి రెండింటి గురించి అలా చెప్పుకోలేను.)

"ఆ యమ్మకు హిస్టరీ లేదు, నీకు ఉండాది. నీకూ లేకుంటేనే బాగుండు" అన్నాడు పెద్దసారు. కమిటీ అంతా నవ్వింది. కువైట్ అక్క నవ్వలేదు. నా చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

అప్పుడు వెనక నుంచి రూల్‌సార్ ముందుకు వచ్చాడు. "జామీను నేను పెడతా సార్. ఉద్యోగస్థుడు పెట్టకూడదని రూలు లేదు. చూసుకునే వచ్చినా" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశాడు.

తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చుని, కోపం వచ్చిందా సార్ అని అడిగాను. "వచ్చింది. నాకు అరబ్బీ రాదు, నీకూ రాదు. రాదని నేను చదవలేదు, రాకపోయినా నువ్వు చదివితివి. ఇద్దరిదీ తప్పే" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. ముందు సీటులో కువైట్ అక్క కూతురికి ఫోను చేసి అప్పు వచ్చిందని చెబుతోంది. ఆ వార్త చెప్పడానికి ఒక్క మాట చాలు, కానీ చింతామణి వచ్చేదాకా చెబుతూనే ఉంది.

నెల తిరిగేసరికి అంగడి తెరిచింది. పెళ్లిళ్ల చొక్కాలు, ఎలక్షన్ల కాలంలో తెల్లచొక్కాలు గుట్టలుగా వచ్చాయి. మరిది చొక్కాలు కూడా వచ్చాయి, డబ్బులు తీసుకుని మరీ చేసిచ్చింది. మూడేళ్ల అప్పు రెండేళ్లు దాటేలోపే తీర్చేసింది. మా ఆఫీసులో మాత్రం నాకు సున్నాసార్ అనే పేరు మిగిలింది. కొత్తగా చేరినవాళ్లు నేను గణితంలో దిట్టననుకునేవాళ్లు. నేను కాదనేవాడిని కాదు.

ఇప్పుడు నేనే బాగేపల్లిలో మేనేజరును. చేతిలో ఉన్న ఫోను పైన పెడితే చాలు, ఏ దేశపు రాతైనా చదివి పెడుతుంది. అలాంటి తప్పు ఇక జరగదు. వేరే తప్పులు జరుగుతుంటాయి. మొన్న ఒక లెక్కలో నాది చిన్న పొరపాటు దొరికితే, దాన్ని ఒప్పుకుంటూ హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం రాశాను. 'పరిశీలనలో తెలియవచ్చినది' అని మొదలుపెట్టి, 'సాంకేతిక కారణముల వలన' మీదుగా మూడు పేజీలు పోయింది. ఆఖరి పేజీ దాకా చదివినా తప్పు ఎవరిదో నాకే తెలియలేదు. సంతకం పెట్టబోయి ఆగి, ఆ శుక్రవారం కమిటీ గదిలో ఒక్క ఊపిరిలో 'తప్పు నాది' అనేసిన కుర్రవాడిని తలుచుకున్నాను. వాడికి అరబ్బీ రాదు, బుద్ధి కూడా అంతంతమాత్రం. అయినా వాడు చెప్పింది నాలుగు ముక్కల్లో అందరికీ అర్థమైంది. నవ్వుకుని, రెండు పేజీలు చించేశాను. మూడోది చించడానికి ఇంకా ధైర్యం చాలలేదు.