బండ కింద కిరాయిదార్లు

మా అత్త బట్టల మూట దించగానే ఉతకడం మొదలుపెట్టేది కాదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వాగులోకి దిగి, ఒడ్డు దగ్గరి పలక రాయిని రెండు చేతులా లేపి దాని అడుగు చూసేది. అక్కడ నత్తలు అంటుకుని ఉండేవి. ఎండ్రకాయ పిల్లలు పక్కకు పాకిపోయేవి. ఒంటిచుట్టూ ఇసుక రేణువులతో గూడు కట్టుకున్న పురుగులు కొన్ని, పెద్దవై తూనీగలవుతాయని అత్త చెప్పే నల్లటివి కొన్ని.

"కిరాయిదార్లు ఉన్నరే పిల్లా. ఇగ బట్టలు నానబెట్టు," అనేది. ఎవరి నెత్తిమీదా పడకుండా రాయిని మెల్లగా మళ్ళీ దాని చోట పెట్టేది.

జహనుమా బస్తీ వెనక రాళ్ళ గుట్టల మధ్య నుంచి వచ్చే చిన్న వాగు అది. మా గల్లీలో ఇంకా కరెంటు స్తంభం వేయని రోజులు. శాలిబండలోని పది పన్నెండు ఇళ్ళ బట్టలు ఆ రేవులోనే ఉతికేవాళ్ళం. మధ్యాహ్నం సద్ది తిని ఆ నీళ్ళే దోసిట పట్టి తాగేవాళ్ళం. రాయి లేపి చూడనిదే అత్త వాటిని నోట పోసుకునేది కాదు.

కొన్నేళ్ళకు ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. రాయి చూసే పని నాకు అప్పజెప్పింది.

"నువ్వు చూసి చెప్పు. నీ మాట మీదనే నేను దిగుత," అంది.

ఒక ఏడాది వానలు తగ్గాక వాగు మారింది. పైన ఎక్కడో బట్టలకు రంగులేసే కార్ఖానా పెట్టారని విన్నాం. రాళ్ళ మీద పాచి పోయింది, కాళ్ళు జారడం లేదు. అడుగున ఇసుక కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. సబ్బు బదులు వాడే చవుడు మట్టి సగం వేసినా బట్టలు తెల్లగా వస్తున్నాయి. శాలిబండలో ఒక ఆఫీసరు గారి భార్య ఉతికిన పంచె మడత విప్పి చూసి, "ఏందమ్మా, మీ వాగుల పాలు పారుతున్నయా?" అని నవ్వింది. నేను పొంగిపోయాను. బట్ట తెల్లబడితే నీళ్ళు మంచివనే అనుకున్నాను. మా పని చేసేవాళ్ళం నీళ్ళను బట్టలోనే చూస్తాం.

రాయి కింద మాత్రం ఒట్టి నత్తగుల్లలు మిగిలాయి. ఒకరోజు అవీ లేవు.

ఆ రోజు రెండిళ్ళ పెళ్ళి బట్టలు ఉన్నాయి. లేవని చెబితే అత్త మూట ఎత్తుకుని వెనక్కి నడుస్తుంది. వేరే రేవులో మమ్మల్ని నిలబడనివ్వరు.

"ఉన్నరా?" అంది.

"ఉన్నరత్తమ్మా. ఇద్దరు."

మర్నాడూ అదే చెప్పాను. తర్వాత రోజూ చెప్పాను. ఒకసారి, "ఎండ్రకాయ పిల్ల నీ కాలు మీదికెళ్ళే పోతుంది, సూడు," అన్నాను. అత్త నవ్వి కాలు వెనక్కి తీసుకుంది. తర్వాత దోసిలి ముంచి తాగింది. ఆమె వేళ్ళ సందులు పగిలాయి. కడుపు నొప్పి అనేది. వయసు మీద పడ్డదని తనే చెప్పుకునేది.

ఒక ఉదయం కాలేజీలో చదువుకునే అమ్మాయి వలగుడ్డ, గాజు సీసాలు పట్టుకుని వచ్చింది. రాళ్ళు తిప్పుతూ నోట్‌బుక్కులో రాసుకుంటోంది. ఏం రాస్తోందో తొంగి చూశాను కానీ, అప్పటికి నాకు అక్షరాలు రావు.

"ఇందులో పురుగూ పుట్రా ఏమీ లేవేంటమ్మా?" అని అడిగింది.

"గదేంది బిడ్డా, ఎందుకుండవు?" అంది అత్త. "పొద్దుగాల గూడ ఇద్దరున్నరు. మా కోడలు చూసింది. గా పలక రాయి లేపు."

అమ్మాయి లేపింది. "ఏమీ లేవమ్మా. చాలా రోజుల నుంచీ లేనట్టే ఉంది. ఈ నీళ్ళు తాగట్లేదు కదా?"

అత్త మొహం నా వైపు తిప్పింది. "చెప్పవేందే?"

"లేవత్తమ్మా," అన్నాను. "వానలు తగ్గినప్పటి సంది లేవు."

అత్త వంగి, పగిలిన వేళ్ళతో ఆ రాయి అడుగంతా తడిమింది. మూలమూలా తడిమింది. తర్వాత ఎప్పటిలాగే, ఎవరి నెత్తిమీదా పడకుండా, మెల్లగా దాన్ని నీళ్ళలో పెట్టి ఒడ్డెక్కింది.

మళ్ళీ ఆ వాగుకు రాలేదు. కడుపు నొప్పి తగ్గలేదు. అది ఆ నీళ్ళ వల్లేనా అంటే చెప్పినవాళ్ళు లేరు. రెండేళ్ళు బతికింది. ఒక్కనాడూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించబోతోంది. దారం పక్కకు పోతోంది. నేను పని వదిలి చెయ్యి చాపాను.

"ఇటియ్యత్తమ్మా."

"వద్దులే. పక్కింటి పిల్ల వస్తది," అంది.

ఆ పిల్ల వచ్చేదాకా సూది ఒక చేత, దారం ఒక చేత పట్టుకుని అలాగే కూర్చుంది.