సర్కారు దగ్గర కొసరు

ఒక్క ఫీజు కట్టి పదకొండు వ్యాపారాలు రాయించిన మనిషి విజయవాడ మొత్తం మీద నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. మా గవర్నర్‌పేటలో మూడు తరాలుగా కొట్లు నడిపినవాళ్లున్నారు, తనిఖీకి వచ్చినవాళ్లకు కాఫీ తాగించి నవ్వుతూ సాగనంపినవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఈ ఉపాయం తట్టలేదు. తట్టలేదు కాబట్టే వాళ్ల కొట్లు ఇంకా నడుస్తున్నాయని మా ఆయన అంటాడు. ఆయన నెలజీతగాడు. వ్యాపారం మీద జీతగాళ్లకున్నన్ని అభిప్రాయాలు వ్యాపారస్తులకు ఉండవు.

నేను పుట్టి పెరిగింది అక్కడే, స్టీలు సామాన్ల కొట్టు వెనక గదిలో. నాన్న దగ్గర నేర్చుకున్నది రెండే ముక్కలు. మొదటిది, చెప్పిన ధర ఇవ్వకూడదు. రెండోది, ధర తగ్గకపోతే కొసరు అడగాలి. బిందె కొంటే గరిటె, గరిటె కొంటే చెంచా, అదీ రాకపోతే సామాను పెట్టుకోవడానికి సంచీ. ఉత్త చేతులతో మెట్లు దిగకూడదు. పెళ్లయి పటమట వచ్చాక కూడా ఈ చదువు నన్ను వదల్లేదు. కూరగాయల బండతను ఊరంతా అరుచుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు మాత్రం నోరు మూసుకుని బండి గబగబా తోసుకుపోయేవాడు.

మా పక్కవాటాలో సిస్టరమ్మ గారు ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరై, ఇంటి దగ్గరున్న నర్సింగ్‌హోమ్‌లో చిన్న జీతానికి చేస్తుండేది. ఆమెలో నాకు కనిపించిన లోపం ఒక్కటే, బేరం తెలియదు. ఆటోవాడు ముప్ఫై అంటే ముప్ఫై ఇచ్చి, "నీ పిల్లలు చల్లగా ఉండాలి నాయనా" అని దీవెన కూడా తనే కొసరు వేసేది. వెనక నిలబడి, అడిగితే ఎంత తగ్గించేవాడో నేను లెక్కపెట్టుకునేదాన్ని.

మా ఊళ్లో కోచింగు కాలేజీలకు లెక్కలేదు. వాటి హాస్టళ్లలో దివిసీమ నుంచీ, బందరు నుంచీ, భీమవరం నుంచీ వచ్చిన ఆడపిల్లలు ఉండేవాళ్లు. సెలవులిస్తే ఇంటికి తీసుకెళ్లడానికి తండ్రి రావాలి. నాట్లప్పుడో కోతలప్పుడో సెలవులొస్తే తండ్రికి తీరదు. ఒకసారి సిస్టరమ్మ గారు వాళ్ల చెల్లెల్ని చూడ్డానికి అవనిగడ్డ వెళ్తూ, తెలిసినవాళ్ల అమ్మాయిని వెంట తీసుకెళ్లి ఇంట్లో అప్పజెప్పింది. తరవాతి సెలవులకు ముగ్గురయ్యారు. ఆ తండ్రులు బస్సు ఛార్జీ కాక, మనిషికి వంద రూపాయలు ఆమె చేతిలో పెట్టారట. ఆమె వద్దందట!

"వద్దన్నారా?" అన్నాను, గోడ పట్టుకుని.

"పిల్లల్తో కబుర్లు చెప్పుకుంటా వెళ్లాను, దానికి డబ్బులేంటి అమ్మాయ్?"

ఆ రాత్రే నాకు వ్యాపారం కనబడింది. సరుకు కొనక్కర్లేదు, గోడౌను అక్కర్లేదు. గేటు దగ్గర పిల్లను తీసుకుని గుమ్మంలో దింపడం, సెలవులయ్యాక మళ్లీ తెచ్చి గేటులో వదలడం. తీసుకెళ్లేది ఆమె, బేరాలు చూసేది నేను. "జీతం కంటే ఎక్కువే మిగులుతుందండీ" అని నెల రోజులు చెవిలో జోరీగలా తిరిగి, ఆమె చేత నర్సింగ్‌హోమ్ మానిపించాను. అప్పుడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి ఒక పెద్ద హాస్టల్ వార్డెన్‌ను కలిశాను. దసరాకు కిందివైపు డెల్టా ఊళ్లకు వెళ్లే పిల్లలు నలభై మంది ఉన్నారంది.

"మీ ఇద్దర్నీ చూస్తే నమ్మకంగానే ఉందండీ. కానీ మా సార్ ఊరుకోరు. గవర్నమెంటు కాగితం ఉంటేనే గేటు తీస్తాను. లేకపోతే ఎవరి పిల్లను వాళ్లే వచ్చి తీసుకెళ్లమని ఫోన్లు చేసేస్తాను."

దసరా ఇంకా నెలపైన ఉంది. ఒక్క కాగితం. ఎంతలో పని?

కొట్లూ సంస్థలూ నమోదు చేసే ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. అక్కడి గుమస్తా గారు యాభై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని మనుషుల్ని దాని పైనుంచి చూసేవాడు.

"ఏం వ్యాపారమమ్మా?"

"తోడు వెళ్లడమండీ."

"సరుకేంటి?"

"సరుకేం లేదండీ. మేమే."

ఆయన కళ్లజోడు సర్దుకుని మా ఇద్దర్నీ సరుకును చూసినట్టే చూశాడు. "సరే, పనివాళ్లెందరు?"

"ఎవరూ లేరు. ఇద్దరం భాగస్తులం."

ఫీజు నూట యాభై అన్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "వంద చేసుకోండి. మొదటి బేరం."

"అమ్మా, ఇది సర్కారు ఫీజు. వంకాయలు కాదు."

"నూట పాతిక."

"ఈవిడ్ని కాస్త పక్కకి తీసుకెళ్లండి సిస్టర్ గారూ" అన్నాడాయన. ఆమె తెల్లచీర చూసి గుర్తుపట్టినట్టున్నాడు.

ధర తగ్గలేదు. ఇక మిగిలింది కొసరు. అప్పుడే దరఖాస్తులో "వ్యాపార స్వభావం" అన్న చోట బోలెడంత ఖాళీ కనిపించింది. "ఒక్క వ్యాపారం రాసినా, నాలుగు రాసినా ఫీజు ఇంతేనా అండీ?" అని అడిగాను.

"ఫీజు పనివాళ్లను బట్టమ్మా. ఎన్ని రాసుకుంటే మాకేం?"

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. నూట యాభై పోసి ఒక్క లైను రాసి వచ్చానని తెలిస్తే మా నాన్న పైనుంచి దిగివచ్చేవాడు. కూర్చుని రాశాను. హాస్టల్ ఆడపిల్లలకు తోడు. ముసలివాళ్లకు తోడు. కంటి ఆపరేషన్ వాళ్లకు తోడు. తిరుపతి వెళ్లేవాళ్లకు తోడు. కొత్త పెళ్లికూతుళ్లకు తోడు. పెళ్లి నగలకు తోడు. కొట్లవాళ్ల నగదుకు తోడు. స్టీలు సామానుకు తోడు. పచ్చడి జాడీలకు తోడు.

"పచ్చళ్లకెందుకు అమ్మాయ్?" అంది సిస్టరమ్మ గారు.

"ఖాళీ ఉందండీ."

పదోది రొయ్య పిల్లలకు తోడు. ఆ రోజుల్లో డెల్టా అంతా చెరువులే. రొయ్య పిల్లల్ని సంచుల్లో నింపి వ్యానుల్లో పంపేవాళ్లు. వాటి వెంట మనిషి వెళ్లడం కళ్లారా చూశాను. పదకొండోది ఏం రాయాలో తోచక "ఇతరములు" అని రాశాను. బయటికి రాగానే బోర్డు రాసే అతనికి పదకొండు లైన్లూ పురమాయించాను. అతను అక్షరానికి ఇంత అని తీసుకుంటాడని చివర్లో గాని చెప్పలేదు.

పది రోజుల తరవాత వెళ్తే గుమస్తా గారు మమ్మల్ని చూడగానే కళ్లజోడు తీసేశాడు.

"ఏం రాశారమ్మా తల్లీ! మా సార్ రెండుసార్లు చదివి నన్ను లోపలికి పిలిపించారు. నగలూ నగదూ అంటే పోలీసులు ఒప్పుకోవాలంట. రొయ్యలంటే చేపల శాఖంట. సామానుకి పన్నులోళ్లని అడగాలంట. పచ్చళ్లు ఎవరి కిందకొస్తాయో ఆయనక్కూడా తెలీలా."

"ఇతరములు?"

"అది చూసే భయపడ్డారు."

ఒక్కో లైనుకూ ఒక్కో ఆఫీసు తగులుకుంది. లైను వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఫీజు కట్టిన సరుకు కదా. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఎస్సై గారు కుర్చీలు వేయించాడు.

"నగదుకి తోడు మీరిద్దరేనా? ఎవడైనా అడ్డం పడితే ఏంటి?"

"గొడుగుందండీ" అన్నాను.

"నా బ్యాగులో డెట్టాలు, దూదీ ఉంటాయి నాయనా" అంది సిస్టరమ్మ గారు, ధైర్యం చెబుతున్నట్టు.

ఆయన టీ ఇప్పించాడు, సంతకం పెట్టలేదు. "పిల్లల్ని తీసుకెళ్లండమ్మా, పుణ్యముంటుంది. నగదు జోలికి పోకండి."

చేపల శాఖలో మా అంత తీరిక ఉన్న అధికారి దొరికాడు.

"రొయ్య పిల్లలకి దారిలో మీరేం చేస్తారండీ?"

సిస్టరమ్మ గారు వినయంగా, "ఆక్సిజన్ పెట్టడం తెలుసండీ. పెద్దాసుపత్రిలో పెట్టేదాన్ని" అంది.

ఆయన ఉబ్బిపోయాడు. సంచిలో నీళ్లెంత, గాలెంత, ఉప్పెంత, ఏ రోగం ఎలా వస్తుందో మధ్యాహ్నం దాకా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, వచ్చేటప్పుడు, "పాపం, చంటిబిడ్డల కంటే కష్టం" అంది. అక్కడా సంతకం కాలేదు. రొయ్య పిల్లల్ని పెంచి అమ్మే హేచరీవాళ్లు అడగకుండా మీకు దేనికివ్వాలి అన్నాడు.

ఇలా తిరుగుతుండగా నెల కరిగిపోయింది. దసరా సెలవులకు నాలుగు రోజులుందనగా వార్డెన్ ఫోన్ చేసింది. ఇవాళో రేపో కాగితం రాకపోతే తండ్రులకు కబురు పెట్టేస్తానంది. ఆ ఫోను పక్కవాటా గోడ దాటి వినిపించినట్టుంది. సాయంత్రం సిస్టరమ్మ గారు వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"నర్సింగ్‌హోమ్‌లో నా చోట వేరే అమ్మాయిని పెట్టుకున్నారంట" అంది. ఇంకేమీ అనలేదు. అనకపోవడం వల్ల నాకు బేరమాడ్డానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు తలుపులు తీసేవేళకు ఆఫీసులో ఉన్నాం.

"పది లైన్లు కొట్టేయండి బాబూ, ఒక్కటి ఉంచండి" అన్నాను.

"పైకెళ్లిన ఫైలమ్మా. దిగిరావడానికి పండగ దాటుద్ది. కొత్త దరఖాస్తు పెట్టుకోండి. ఒక్క లైనే కాబట్టి తొందరగా అయిపోద్ది."

"మరి పాత ఫీజు?"

"పోయినట్టే."

"పదకొండుకి నూట యాభై తీసుకున్నారు. ఇప్పుడు ఒక్కటేగా. పదమూడు రూపాయల అరవై పైసలు అవుద్ది. పోనీ పద్నాలుగు తీసుకోండి."

ఆయన నవ్వాపుకోలేక పక్క బల్ల ఆయన్ని పిలిచి నాచేత మళ్లీ చెప్పించాడు. నేను మళ్లీ చెప్పాను. ఈలోపల సిస్టరమ్మ గారు తన పర్సులోంచి నూట యాభై తీసి బల్ల మీద పెట్టింది. నా చేతిలోంచి దరఖాస్తు తీసుకుని "హాస్టల్ ఆడపిల్లలకు తోడు" అని గుండ్రంగా రాసి, మిగతా ఖాళీకి అడ్డంగా గీత కొట్టేసింది. ఎంత ఖాళీయో! నాకు ప్రాణం ఉసూరుమంది.

"నాకొచ్చిన పని ఇదొక్కటే అమ్మాయ్" అంది. గుమస్తా గారు ఆ కాగితాన్ని తనే లేచి లోపలికి పట్టుకెళ్లాడు.

కాగితం సెలవులిచ్చిన రెండో రోజు చేతికొచ్చింది. అప్పటికి నలభై మందిలో చాలామందిని తండ్రులు పనులు మానుకుని వచ్చి తీసుకెళ్లిపోయారు. రాలేకపోయినవాళ్ల పిల్లలు పద్నాలుగు మంది, మెస్సులో పెట్టెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సిస్టరమ్మ గారు గేటు దగ్గర కాగితం చూపించింది. వార్డెన్ అది చదవకుండానే గేటు తీసింది. బస్టాండులో పిల్లల్ని లెక్కపెట్టి ఎక్కించడానికి నేనూ వెళ్లాను. బస్సు కదిలేటప్పుడు ఒక పిల్ల వాంతి చేసుకుంటే ఆమె సంచిలోంచి ఉప్పురాసిన ఉసిరికాయ తీసి నోట్లో పెట్టింది. ఉచితంగా.

సెలవులయ్యాక పద్నాలుగు మందీ వెనక్కి వచ్చేశారు. ఆ ఆదివారం ఇద్దరం మా గడపలో కూర్చుని లెక్క చూసుకున్నాం.

రాబడి, పిల్లకు రానూపోనూ రెండు వందల చొప్పున పద్నాలుగు మందికి రెండు వేల ఎనిమిది వందలు. ఖర్చు, ఫీజు రెండుసార్లు మూడు వందలు, అందులో ఒకసారిది ఆమెకు తిరిగి ఇచ్చాను. ఆఫీసుల చుట్టూ ఆటోలకు, జెరాక్సులకు మూడు వందల నలభై. పదకొండు లైన్ల బోర్డుకు ఆరు వందలు, దాన్ని చెరిపి ఒక్క లైను రాసినందుకు తొంభై. ఆఖరున, ఆమె అడగకపోయినా, నా మాట మీద పోగొట్టుకున్న నెలన్నర జీతం రెండు వేల ఏడు వందలు. మొత్తం నాలుగు వేల ముప్ఫై.

నష్టం పన్నెండు వందల ముప్ఫై. భాగస్తురాలిని కదా, సగం నేనిస్తానంది సిస్టరమ్మ గారు. వద్దన్నాను. మళ్లీ అంది. మళ్లీ వద్దన్నాను. మూడోసారి అనలేదు. అని ఉంటే ఏమనేదాన్నో నాకూ తెలియదు. పోనీ పై ముప్ఫై వదిలేసి పన్నెండు వందలని రాసుకోమంది. అదీ ఒప్పుకోలేదు. పన్నెండు వందల ముప్ఫై, నా ఖాతా.