సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లు

ఆదోనిలో మార్కెట్ యార్డు దగ్గరి కూడలిలో కొత్త సిగ్నల్ పెట్టబోయే ముందు, దానివల్ల మేలు జరుగుతుందో లేదో తేల్చే పని నాకు వచ్చింది. నేను పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పేదాన్ని. రద్దీని కెమెరాతో చూసి పచ్చ దీపం ఎంతసేపు ఉంచాలో ఆ సిగ్నల్ తనే నిర్ణయించుకుంటుంది. అది రాకముందు బండ్లు ఎంతసేపు ఆగేవో కొలిచి పెట్టుకున్నాను. వచ్చాక మళ్లీ కొలవాలి.

మొదటి రోజే తేడా తెలిసింది. లారీలు, బస్సులు, ఆటోలు తొందరగా కదిలిపోతున్నాయి. పత్తి మిల్లులకు నడిచి వెళ్లే ఆడవాళ్లు మాత్రం రోడ్డు పక్కనే ఆగిపోతున్నారు. బండ్లు వస్తున్నంతసేపూ పచ్చ దీపం ఆరదు.

హొళగుంద నుంచి రోజూ బస్సులో పనికి వచ్చే ఒక పెద్దామె నా కాగితాల్లోకి తొంగిచూసింది.

"ఏం రాస్తాండావమ్మా?"

"బండ్లు ఎంతసేపు ఆగుతాండాయో రాస్తాండానమ్మా."

"మేం నిలబడేది ఎవురు రాస్తారు? ఆలస్యమైతే మేస్త్రీ ఎనక్కి పంపిస్తాడు."

నాకు సిగ్గేసింది. ఫారం అంచున గీత గీసి, వాళ్లు ఆగే సమయం కూడా వారం రోజులు రాశాను.

నాకు ఈ పని అప్పగించిన మున్సిపల్ ఇంజనీరు అది చూసి ముఖం చిట్లించాడు. "ఇది మనల్ని అడగలేదు మేడం. తీసేసి సంతకం పెట్టండి."

"తీసేస్తే పెట్టను సార్. ఒక్కసారి వచ్చి వాళ్లతో రోడ్డు దాటండి."

కోపంగానే వచ్చాడు. చాలాసేపటికి సందు దొరికింది. సగం దాటేసరికి బండ్లకు పచ్చ దీపం పడింది, లారీ హారన్ మోగింది. "బిరబిరా నడువప్పా," అంటూ పెద్దామె ఆయన చెయ్యి పట్టి లాగింది. అవతలకు చేరేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. అయినా ఆఫీసుకు వెళ్లాక, "పైవాళ్లు ఒప్పుకోరు," అన్నాడు. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. ఆ పైవాళ్లకే నా లెక్కలు నేరుగా పంపాను.

కొన్ని నెలలకు అక్కడ నడిచేవాళ్లకు వేరే దీపం పెట్టారు. నా లెక్కలు చూసే పెట్టారని ఎవరూ చెప్పలేదు. ఎమ్మిగనూరులో అలాంటి సిగ్నలే వచ్చినప్పుడు మాత్రం నన్ను పిలవలేదు. సెలవు రోజున కాగితాలు పట్టుకుని నేనే బస్సెక్కి వెళ్లాను.

కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికి వచ్చాడు. "ఎవురు పంపించినారు మేడం?"

"ఎవురూ పంపలేదన్నా. నేనే వచ్చినాను."

ఎండగా ఉందని, అంగడి నీడలోకి పోయి నిలబడమన్నాడు. వద్దన్నాను. అక్కడి నుంచి రోడ్డు కనిపించదు.