గ్లౌజుల చేతికి ఉంగరం

చౌక్తడా పేటలో నన్ను బేరంలో పడగొట్టినవాడు లేడు. అలాంటి నేను, తాతలనాటి కొట్టు లీజును నా చేతులతో నేనే మా బావ పేర రాసిచ్చాను. చచ్చిపోయిన మా అమ్మ వద్దంటున్నా రాసిచ్చాను. ఇంత ఘనకార్యం మా వంశంలో ఇంకెవరూ చేయలేదు.

దయ్యాలను నేను నమ్మను. పాత సామాన్లు అమ్మేవాడు వాటిని నమ్మితే సొంత కొట్టులో ఒక్క కుర్చీ మీదా కూర్చోలేడు.

నా పిచ్చల్లా పంతొమ్మిది వందల ముప్పైలలో జర్మన్లు తీసిన కన్నీటి సినిమాలు. ఊరొదిలి వెళ్ళిపోయిన ఒక జర్మన్ ఇంజినీరు సామానులో ప్రొజెక్టరుతో పాటు అలాంటి సినిమా ఒకటి దొరికింది. టోపీల కొట్టు నడిపే భార్యాభర్తల కథ. భర్త ఆ కొట్టును స్నేహితుడికి రాసిచ్చేస్తాడు. తర్వాత అదే కథను రంగుల్లో మళ్ళీ తీశారు. దాని డిస్కూ నా దగ్గరుంది. రంగుల్లో భార్య కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంది, వెనక వయొలిన్లూ ఏడుస్తాయి. పాతదానిలో ఆమె పలకదు. బల్ల మీద చేతులు పెట్టి చూస్తుంది, అంతే. ఏడుపు మనకు వదిలేస్తుంది. అందుకే నాకు పాతదే ఇష్టం.

మా అమ్మా అంతే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఎదుటివాడు మోసగాడనిపిస్తే మాట్లాడకుండా ఉంగరం తీసి చిటికెన వేలికి మార్చుకునేది. బేరం వదిలెయ్యమని సైగ. అది మా ఇంట్లో వాళ్ళకే తెలుసు. కొన్నేళ్ళు మాతో కొట్టులో కూర్చున్న బావకూ తెలుసు. అక్క మొగుడు కదా.

లీజు తన పేర ఉంటే కొట్టు లైసెన్సు త్వరగా వస్తుందన్నాడు బావ. సంతకం రోజు మధ్యాహ్నం, ప్లీడరు వచ్చేలోగా షట్టరు దించి బావకు ఆ పాత సినిమా వేశాను.

తెర మీద భర్త కలం తీసుకున్నాడు. బల్ల మీద ఆమె చెయ్యి. ఉంగరం తీసింది. చిటికెన వేలికి పెట్టుకుంది. తిన్నగా నావైపు చూసింది.

అది అమ్మ సైగే. బావ తాపీగా టీ తాగుతున్నాడు. తెర మీద బొమ్మ వద్దందని బేరం మానుకున్నానంటే నలుగురూ నవ్వరూ? సంతకం పెట్టేశాను.

వానాకాలం వెళ్ళకముందే బావ ఆ కొట్టును ఫోన్లు అమ్మేవాళ్ళకు ఇచ్చేశాడు. నా సామాను పేవ్‌మెంటు మీద తడిసింది.

రీలు మళ్ళీ వేసి చూశాను. ఆమె చేతులకు మోచేతులదాకా గ్లౌజులు. ఉంగరమన్నదే లేదు. రంగుల సినిమాలోనూ గ్లౌజులే. నా పిరికితనమే నాకలా కనిపించిందని సర్దిచెప్పుకున్నాను.

చిమిండైంగ్ బజారులో బావ ఎదురుపడ్డాడు.

“ఏటి బావా, మా అమ్మ కూకున్న కొట్టు అమ్మీసినావా?”

చేపల సంచీ చెయ్యి మార్చుకుని నవ్వాడు. “ఆ రోజు సినిమాలో అత్త ఉంగరం మార్సినప్పుడు నా గుండె ఆగిపోనాది. నువ్వు సూళ్ళేదు గావాల, బతికిపోనాననుకున్నాను.”

ఆ ఉంగరం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అది ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. లెక్క మాత్రం తేలింది. కొట్టు పోయింది. అక్క ఇంటికి వెళ్ళే దారి పోయింది. గ్లౌజుల రీలు మిగిలింది. నేను చూసింది నిజమేనని చెప్పగలవాడు లోకంలో ఒక్కడే, వాడితో మాటల్లేవు. ఇక అమ్మ సైగ అర్థమై కూడా, నలుగురు నవ్వుతారని సంతకం పెట్టింది నేను. ఆ పద్దు మాత్రం బావ ఖాతాలో రాయలేను.