నేను మింగేసిన వార్తలు

గుంటూరు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా మిరపకాయలు కాటా వేస్తున్నాను. బడి గడప తొక్కలేదు. గోనెసంచుల మీద వేసే మార్కులు చూసి అక్షరాలు, పాత పేపర్లు చూసి వాక్యాలు నేర్చుకున్నాను. షెడ్డులో పేపరు చదివే పని నాకు అలా వచ్చింది. తొడిమలు తీసే ఆడవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు గాని చెవులు ఖాళీయే. పొద్దున టీ అయ్యాక కాటా పక్కన స్టూలేసుకుని పైకి చదివేవాణ్ణి. కాయల ఘాటుకు దగ్గుతూ, తుమ్ముతూ వాళ్లు వినేవాళ్లు. ఆ అరగంటే నా అసలు ఉద్యోగమనుకునేవాణ్ణి. మిగతాదంతా బస్తాల గొడవ.

షెడ్డులో ఎక్కువమందిదీ నాదీ ఒకటే పార్టీ. పార్టీ అంటే మాకు అభిప్రాయం కాదు, ఇంటిపేరు లాంటిది. మొన్నటి ఎన్నికల తేదీలు ఇంకా ప్రకటించకముందే మా నాయకుడు మూడోసారి ఓట్లకు వచ్చాడు. ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, కాయల రాశి పక్కన కూర్చుని ఫొటో దిగి, "ఏమ్మా, మీకేం కావాలి?" అని అడిగాడు. ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోబోతున్నట్టు! షెడ్డు వెనక తుమ్మచెట్ల దగ్గర ఆడవాళ్ల మరుగుదొడ్లకు ఆయన చేత్తోనే వేసిన శంకుస్థాపన రాయి ఉంది. రాయి తప్ప ఒక్క ఇటుక లేదు. వాళ్లు ఇప్పటికీ ఆ రాయి దాటి తుమ్మల చాటుకే వెళతారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"వెనక రాయి మీద మీ పేరుంది, చదివి వినిపించమంటారా?" అన్నాను.

ఆయన నవ్వి, నా భుజం తట్టి, కారెక్కాడు. అలా తట్టినందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. ఈసారి నా ఓటు ఆ పార్టీకి లేదని అందరి ముందూ గట్టిగా చెప్పేశాను. బస్తాలు కుట్టే ఆయన మొదటినుంచీ అవతలి పార్టీ. సంబరపడిపోయి, "రా బావా, కండువా సిద్ధంగా ఉంది" అన్నాడు. మీదీ వద్దు పొమ్మన్నాను. అతనూ ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు పేపరు విప్పగానే తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠా మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ నా ఈడుదే. నేను చేరేనాటికే ఆ రాశి ముందు కూర్చుని ఉంది.

"వద్దన్నా. ఇవాళ్టినుంచి పేపరొద్దు."

"ఏం? నా గొంతు పోయిందా?"

"గొంతు బానే ఉంది. బుద్ధే పోయింది."

వెనకనుంచి ఎవరో, "అవతలోళ్లు సీసా పంపుంటార్లే ముసలాయనకి" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

"అడిగింది మీకోసం కాదూ? తుమ్మల్లోకి పోయేది మీరు కాదూ?" అని అరిచాను.

"పోయేది మేమేగా! దొడ్డి కట్టలేదని నువ్వు చెబితే తెలియాలా మాకు?" అంది మేస్త్రి. "మా తరపున అలగడానికి నువ్వెవరు? మాకు ఇంటిస్థలాలు ఇచ్చింది కూడా మన పార్టీవాళ్లే. అది మాత్రం నీ నోట రాదు."

"ఉన్నదున్నట్టు చదివే మనిషిని నేను!"

ఆవిడ చేతులు ఆగాయి. పని వేళలో ఆ చేతులు ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఉన్నదున్నట్టా? మనోళ్లని తిట్టిన వార్త ఏనాడన్నా చదివావా? నువ్వు చదివేసిన పేపర్లోనే కదా మేం గిన్నెలు చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లేది. మా మనవరాలు మొత్తం చదువుతుంది. నువ్వు మింగిన ముక్కలన్నీ మాకు తెలుసన్నా."

"తెలిసీ ఎందుకూరుకున్నారు?"

"మనోడివి కదా అని."

మింగిన మాట నిజమే. మా నాయకుడి మీద కేసు వార్త కనబడితే వానల కబురుకు దూకేవాణ్ణి. దాన్ని మోసమనుకోలేదు, విశ్వాసమనుకున్నాను. లోకం సంగతులన్నీ వీళ్లకు నేనే చెబుతున్నానని విర్రవీగాను. వాళ్లేమో నన్ను భరిస్తూ వచ్చారు. నామీద నాకు ఎంత కోపమో వాళ్లమీదా అంతే కోపం. దాచిపెట్టి చదివినన్నాళ్లూ మనోణ్ణట. ఒక్క నిజం పలికితే అమ్ముడుపోయినవాణ్ణట!

పదిరోజులు పేపరు లేదు. ఆ అరగంటా ఎవరి ఫోనులోనో నాయకుల ఉపన్యాసాలు మోగేవి. కాటా ముందు పళ్లు నూరుకుంటూ కూర్చునేవాణ్ణి. చివరికి ఉండబట్టలేక ఆవిడ దగ్గరికే వెళ్లాను.

"ఏం చేస్తే చదవనిస్తారు?"

"మొదటి పేజీ అంతా చదవాలి. ఎవరి గురించైనా సరే. సాయంత్రం మా పిల్ల చూస్తుంది. ఒక్క ముక్క తగ్గిందా, మళ్లీ పేపరు విప్పనివ్వను."

"చదువుతాను. నాకేం భయమా?"

విప్పాను. రెండో వార్తే అది. మా నాయకుడు పక్క మండలంలో ఆడకూలీలకు మరుగుదొడ్లు కట్టించి, రిబ్బను కత్తిరించాడట. ఫొటో కూడా వేశారు. నా కళ్లు వాటంతటవే కింది వార్తకు దూకాయి. సిగ్గులేని కళ్లు! పార్టీ వదిలినా పాడలవాటు వదలలేదు. అప్పుడు తిట్లు మింగేవాణ్ణి, ఇప్పుడు మెప్పు మింగబోయాను. మేస్త్రి తొడిమలు తీస్తూనే నావంక చూస్తోంది.

పళ్లు బిగించి వెనక్కి వచ్చి ఆ వార్త మొత్తం చదివాను. చదవడమేమిటి, అరిచాను. ఎన్ని గదులో, నీళ్ల ట్యాంకు ఎంతదో, ఎవరెవరు చప్పట్లు కొట్టారో అంతా.

"పక్క మండలంలోనా?" అంది మేస్త్రి.

"అక్కడే."

"మన సంగతేమన్నా రాశారా?"

"ఒక్క ముక్క లేదు."

ఆవిడ చేతిలో కాయను రాశిలోకి విసిరికొట్టింది. "ఇంకోసారి చదువన్నా. ఆ గదుల లెక్క దగ్గర కాస్త మెల్లగా చదువు."