పిన్ని పేపరు, బాబాయి పట్టిక

బందరు గడ్డ మీద రెండు మహాశక్తులు ఏళ్ల తరబడి చేసిన భీకర సమరం గురించి రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే అది మా పిన్నికీ బాబాయికీ మధ్య అన్నాల దగ్గర, వంకాయ కూర చల్లారేదాకా నడిచిన గొడవే. నిన్న కాలేజీలో సిలబస్ మీటింగు జరగకపోతే అదీ గుర్తొచ్చేది కాదు.

ఇద్దరూ మా కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పేవారు. ఇద్దరి దగ్గరా చదువుకున్నాను. జనం మనసు తెలియాలంటే లెక్కపెట్టాలని బాబాయి, పక్కన కూర్చుని వినాలని పిన్ని. ఒకసారి నాగాయలంక దగ్గర ఒక మత్స్యకారుల పల్లెలో ఓటు ఎలా నిర్ణయించుకుంటారో కనుక్కురమ్మని బాబాయి మా క్లాసుకి ప్రశ్నలిచ్చి పంపితే, ఇంటింటా ఒకటే జవాబు వచ్చింది: పెద్దల మాటే మా మాట. తన సర్వీసులో ఇంత శుభ్రమైన పట్టిక రాలేదని ఆయన మురిసిపోతుంటే, పిన్ని మజ్జిగ పోస్తూ, "శుభ్రంగా ఉందంటే ఎవరో ఊడ్చారన్నమాటేనండీ" అంది.

మరుసటి వారం ఆవిడ మమ్మల్ని అదే పల్లెకి కాగితం, కలం లేకుండా తీసుకెళ్లి, ఎండుచేపలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టింది. పొద్దు వాలేదాకా మాకు దక్కింది వాసనే. చివరికి ఒకావిడ జాలిపడి, "అడిగినోళ్లకి చెప్పేది ఊరి కట్టుబాటు బాబూ, వేసేది మా ఇష్టం" అంది. ఆ సంగతి విని బాబాయి చిన్నబోతే, మీ పట్టికే లేకపోతే ఆ అనుమానం నాకు తట్టేదే కాదు కదండీ అంటూ పిన్ని కూర ఇంకాస్త వడ్డించింది.

అలా వెళ్లి కూర్చోవడమే సిలబస్‌లో ఆవిడ పేపరు. ఆవిడ రిటైరయ్యాక అది నా చేతికొచ్చింది. నిరుడు పిన్ని కన్నుమూసింది. ఆ పేపరు తీసేసి ఇంకో సర్వే లెక్కల పేపరు పెడతారని తెలిసి, జీవితమంతా ఆ లెక్కలే చెప్పిన బాబాయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉంచమని అడగడానికి నిన్న గుడివాడ నుంచి వచ్చాడు. లెక్కపెట్టడం ఎవరైనా నేర్పుతారు, లెక్కకి దొరకనిదాన్ని పట్టుకోవడం ఆవిడ నేర్పిందండీ అని చెప్పాడు. అందరూ గౌరవంగా విన్నారు, టీ ఇచ్చారు, తీసేయడానికి చేతులెత్తారు. గెస్టు లెక్చరర్ని కాబట్టి నాకు కుర్చీ ఉంది గానీ ఓటు లేదు.

మెట్లు దిగుతూ బాబాయి నా భుజం పట్టుకుని, "ఏకగ్రీవమటరా. చాలా శుభ్రంగా వచ్చింది" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, కుదరలేదు.

ఇక మా క్లాసు పిల్లలు ఫోనుల్లోనే ప్రశ్నలు పంపి సాయంత్రానికల్లా పట్టిక తెచ్చేస్తారు; ఆ ఎండుచేపల దగ్గర ఎవరూ కూర్చోరు. నాగాయలంక బస్సులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మోపిదేవిలో గుడికెళ్లేవాళ్లు దిగిపోయాక, కూర్చోడానికి సీట్లు దొరుకుతాయి.